టి కణాల గురించి చెప్పేటప్పుడు అవయవం పేరు కూడా చెప్పాలి

క్షయ మీద 2016లో అచ్చయిన ఒక పరిశోధన పత్రంలో రెండు అంకెలున్నాయి. ఎలుకలకు క్షయ క్రిమిని సోకించి, దాన్ని అణచడానికి సీడీ4 టి కణాలు (ఇతర రక్షణ కణాలకు సంకేతాలిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాలు) చేసే పనిలో, అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత అణువు వాటా ఎంతో లెక్కగట్టారు. మొదటి 6 వారాల్లో ప్లీహంలో ఆ వాటా 80 శాతం పైచిలుకు. ఊపిరితిత్తుల్లో 30 శాతం దగ్గర. ఎలుకలు అవే, క్రిమి అదే, టి కణాలూ ఆ రకానివే. మారిందల్లా చోటు.

రెండో అంకె దగ్గర కాస్త ఆగాలి. క్షయ క్రిమి సోకిందా లేదా అని చూసే రక్తపరీక్ష కొలిచేది ఇంటర్‌ఫెరాన్ గామానే. కొత్త క్షయ టీకా పనిచేస్తోందని చెప్పడానికి ఏళ్లుగా ముందుగా చూపిస్తున్నదీ రక్తంలో ఆ అణువును తయారుచేసే టి కణాల సంఖ్యనే. కానీ క్షయ ఎక్కువగా తిష్ఠవేసేది ఊపిరితిత్తుల్లో. ఆ ఎలుకల లెక్క ప్రకారం అక్కడ టి కణాల పనిలో మూడింట రెండు వంతులు ఇంకేదో దారిలో జరుగుతోంది.

అందుకే నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. 'ఈ బాక్టీరియా మీద టి కణాల స్పందన బాగుంది' అనే వాక్యంలో అవయవం పేరు లేకపోతే, ఆ వాక్యం ఇంకా పూర్తి కాలేదు. ఏ రకం టి కణాలు, ఎన్ని అన్న ప్రశ్నలతో పాటు అవి ఎక్కడున్నాయి, అక్కడ ఏం చేస్తే ఆ క్రిమి తగ్గుతుంది అనీ అడగాలి. చాలా పత్రాల్లో, వాటి మీద వచ్చే వార్తల్లో ఈ చివరి రెండు ప్రశ్నలూ జారిపోతాయి. కారణం తెలిసిందే. రక్తం సులువుగా దొరుకుతుంది. శరీరంలోని లింఫోసైట్లలో (టి కణాలు చేరిన తెల్ల రక్తకణాల వర్గం) ఏ క్షణాన చూసినా రక్తంలో ఉండేవి 2, 3 శాతమే. ఒక్క చర్మంలోనే సుమారు 2,000 కోట్ల టి కణాలున్నాయని అంచనా, అంటే రక్తంలో ఉన్నవాటికి దాదాపు రెట్టింపు. అయినా మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ 2, 3 శాతాన్ని చూసి రాసుకున్నదే.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది

ఎలుకకు గాలి ద్వారా 50 నుంచి 100 క్షయ క్రిములు పట్టిస్తే, అవి ముందు గాలి తిత్తుల్లోని మాక్రోఫేజ్‌లలో (క్రిముల్ని మింగే కణాల్లో) చేరతాయి. క్రిమి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నెమ్మదైన క్రిమే, కానీ దాన్ని మోసుకుని లింఫ్ గ్రంథికి చేరే కణాలు అంతకంటే నెమ్మది. గ్రంథిలో టి కణాలు క్రిమి ముక్కలను చూసి మేలుకునేసరికి 8, 9 రోజులు గడుస్తాయి. అవి పెరిగి ఊపిరితిత్తులకు చేరేసరికి రెండు వారాలు దాటుతుంది. క్రిముల పెరుగుదల ఆగేది మూడో వారం చివర్లో. అప్పటికి వాటి సంఖ్య లక్షల్లో ఉంటుంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సోకిన అదే ఎలుకలో మొదటి వారం ముగిసేసరికే టి కణాలు ఊపిరితిత్తుల్లో ఉంటాయి. మనుషుల్లో క్షయ సోకాక చర్మపరీక్ష పాజిటివ్ కావడానికి 2 నుంచి 8 వారాలు పట్టడానికి వెనకా ఇలాంటి జాప్యమే ఉంది.

ఆలస్యంగానైనా వచ్చాయి కదా అని ఊరటపడలేం. వచ్చినవాటిలో రెండు గుంపులున్నాయి. ఒక గుంపు మీద కేఎల్‌ఆర్‌జీ1, సీఎక్స్3సీఆర్1 అనే గుర్తులుంటాయి. బయట గిన్నెలో రెచ్చగొడితే ఇవి ఇంటర్‌ఫెరాన్ గామాను ధారాళంగా పోస్తాయి. రెండో గుంపు మీద సీఎక్స్‌సీఆర్3, పీడీ-1 ఉంటాయి. ఇవి పోసేది తక్కువ. కాగితం మీద చూస్తే మొదటి గుంపే గట్టిది అనిపిస్తుంది. కానీ మొదటి గుంపు ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనే ఉండిపోతుంది, క్రిమి ఉన్న కణజాలంలోకి దిగదు. దిగేది రెండో గుంపు. ఈ రెండిటినీ విడదీసి, టి కణాలు లేని ఎలుకల్లోకి ఎక్కించి చూస్తే క్రిమిని బాగా అణచింది ఈ 'బలహీనమైన' గుంపే.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఆ 2016 పత్రంలోనే ఉంది. సీడీ4 కణాలు ఇంటర్‌ఫెరాన్ గామాను మామూలుకంటే సుమారు రెండింతలు తయారుచేసేలా మార్చారు. ప్లీహంలో క్రిమి ఇంకా బాగా అదుపైంది. ఊపిరితిత్తుల్లో జబ్బు ముదిరి ఎలుకలు త్వరగా చనిపోయాయి. పీడీ-1 పూర్తిగా లేని ఎలుకలూ క్షయతో త్వరగా చనిపోతాయి. కారణం అక్కడా చాలామటుకు అదుపు తప్పిన ఇంటర్‌ఫెరానే. ప్లీహం కాస్త వాచినా మనిషి బతుకుతాడు. గాలి తిత్తుల పలుచని గోడ వాచి నీరు పడితే ఊపిరి ఆడదు. అందుకే ఊపిరితిత్తుల్లో టి కణాలకు కళ్లెం ఉండాలి. పీడీ-1 ఆ కళ్లెం.

ఇది ఎలుకల కథ మాత్రమే కాదు. క్యాన్సర్‌కు పీడీ-1ను అడ్డుకునే మందులు తీసుకున్న కొందరిలో క్షయ బయటపడినట్టు నమోదైంది. కళ్లెం తీసేస్తే టి కణాలు చురుగ్గా పనిచేస్తాయి, కాబట్టి క్షయ తగ్గాలి అనే లెక్క అక్కడ తిరగబడింది.

దీనికి ఎదురుగా నిలబడే వాదన ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఇంటర్‌ఫెరాన్ గామా గ్రాహకం (ఆ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) పుట్టుకతోనే లేని పిల్లల్లో బీసీజీ టీకాలోని బలహీనమైన క్రిమి కూడా ఒళ్లంతా పాకుతుంది. కాబట్టి ఆ అణువు అక్కర్లేదని ఎవరూ అనలేరు. పైగా ఆ ప్రయోగాల్లో ఎక్కువగా వాడే నల్ల ఎలుకల ఊపిరితిత్తుల్లో, మనుషుల్లోలా నడుమ కుళ్లిన గట్టి గ్రాన్యులోమాలు (క్రిమి చుట్టూ కణాలు గుమిగూడిన గడ్డలు) ఏర్పడవు. 30 శాతం అన్న అంకెను యథాతథంగా మనిషికి అంటగట్టడం తప్పు. నేను తీసుకునేది అంకెను కాదు, తేడాను. ఒకే ఒంట్లో రెండు అవయవాలు ఒకే అణువుకు ఇంత వేరువేరుగా బదులివ్వగలవని తేలాక, ఒక అవయవంలో కొలిచి ఇంకో అవయవం గురించి తీర్పు చెప్పడానికి విడిగా ఆధారం చూపాలి.

మూడు నిమిషాల పరీక్ష

ఊపిరితిత్తుల్ని కోసి, ముక్కలు చేసి, టి కణాల్ని లెక్కపెట్టిన పాత పత్రాలు చాలా ఉన్నాయి. చంపిన ఎలుక గుండెలోంచి ఉప్పునీరు ఎక్కించి రక్తాన్ని కడిగేశాం కాబట్టి మిగిలినవి కణజాలంలోవే అని వాటిలో రాసేవారు. అది నిజం కాదని 2012 ప్రాంతంలో తేలింది. వైరస్ సోకిన ఎలుకల ఊపిరితిత్తుల నుంచి తీసిన స్మృతి సీడీ8 కణాల్లో (పాత క్రిమిని గుర్తుంచుకుని, సోకిన కణాల్ని చంపే రకం టి కణాల్లో) 90 శాతం పైగా నిజానికి కేశనాళికల్లో ఇరుక్కున్నవే. ఊపిరితిత్తుల కేశనాళికలు అంత సన్నగా, అంత విస్తారంగా ఉంటాయి. ఎంత కడిగినా పోవు.

దీన్ని పట్టిచ్చిన పద్ధతి చాలా సులువైనది. బతికున్న ఎలుక తోక సిరలోకి, రంగు తగిలించిన యాంటీబాడీని 3 మైక్రోగ్రాములు, 300 మైక్రోలీటర్ల ద్రవంలో కలిపి ఎక్కించాలి. సరిగ్గా 3 నిమిషాలు ఆగి ఎలుకను చంపి అవయవాలు తీయాలి. అంత కొద్దిసేపట్లో యాంటీబాడీ రక్తనాళం దాటి బయటికి రాలేదు. కాబట్టి రంగు అంటుకున్న కణం నాళంలోది, అంటుకోనిది కణజాలంలోది. తరవాత గిన్నెలో అదే అణువును గుర్తించే వేరే యాంటీబాడీని ఇంకో రంగుతో పెట్టి మొత్తం కణాల్ని చూస్తారు.

ఇందులో పాడయ్యే చోట్లు కొన్ని ఉన్నాయి. 3 నిమిషాలు 10 అయితే యాంటీబాడీ బయటికి కారడం మొదలై కణజాలపు కణాలకూ రంగు పడుతుంది. సూది సిరలోకి దిగకుండా పక్క కండలోకి పోతే ఏ కణానికీ రంగు పడదు, అన్నీ కణజాలంలోవే అనిపిస్తాయి. అందుకని ప్రతి ఎలుక నుంచీ రక్తం కాస్త తీసి చూడాలి. అందులో దాదాపు అన్ని టి కణాలూ రంగు పట్టి ఉండాలి, లేకపోతే ఆ ఎలుక లెక్కలోకి రాదు. అవయవాల్ని ముక్కలు చేసేటప్పుడు బాగా కడగకపోతే మిగిలిపోయిన యాంటీబాడీ గిన్నెలో కొత్త కణాలకు అంటుకుంటుంది. ఇదీ తరచూ జరిగే పొరపాటే.

ఇంత చక్కటి పద్ధతీ కాలేయం దగ్గర అక్కరకు రాదు. కాలేయంలోని సైనసాయిడ్ల (సన్నని రక్తనాళాల) గోడకు కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి, గోడ కింద మామూలుగా ఉండే పొరా ఉండదు. అక్కడ స్థిరపడిన టి కణాలు నాళం లోపలే, గోడను ఎల్‌ఎఫ్‌ఏ-1 అనే అణువుతో పట్టుకుని అటూ ఇటూ పాకుతుంటాయి. వాటికి రంగు పడుతుంది. రంగు పడింది కాబట్టి ఇవి రక్తంలో తిరిగే కణాలు అని రాస్తే పూర్తిగా తప్పు. కాలేయంలో స్థిరపడిన కణాల మీద ఉండే సీడీ69, సీఎక్స్‌సీఆర్6 గుర్తులు చూడాలి, వీలైతే రెండు ఎలుకల్ని కలిపి కుట్టే ప్రయోగం చేయాలి. ఊపిరితిత్తుల్లో నిజం చెప్పిన పరీక్ష కాలేయంలో తప్పుదారి పట్టిస్తుంది. అవయవం పేరు లేకుండా మాట్లాడకూడదు అనే నా వాదనకు పద్ధతుల వైపు నుంచి ఇంతకంటే గట్టి రుజువు నాకు కనిపించలేదు.

కలిపి కుట్టడం అంటే రెండు ఎలుకల పక్క చర్మాన్ని జతచేయడం. రెండు వారాల్లో రెండిటి రక్తమూ కలిసిపోతుంది. రక్తంలో తిరిగే టి కణాలు రెండిటిలోనూ సమానంగా సర్దుకుంటాయి, కణజాలంలో స్థిరపడినవి కదలవు. సాల్మొనెల్లా టీకా వేసిన ఎలుకను వేయని ఎలుకతో ఇలా జతచేసిన ప్రయోగం 2018లో వచ్చింది. రక్తంలో తిరిగే స్మృతి టి కణాలు రెండో ఎలుకకూ చేరాయి. అయినా దానికి రక్షణ దక్కలేదు. పూర్తి రక్షణకు కాలేయంలాంటి చోట్ల స్థిరపడి కదలని కణాలు కావాలి.

చర్మం చెప్పే సంగతి

మనుషుల్లో ఆధారం కావాలంటే జోబ్ సిండ్రోమ్ చూడాలి. 1966లో మొదటిసారి వర్ణించిన ఈ జబ్బులో పిల్లలకు చర్మం మీద స్టాఫిలోకాకస్ సెగ్గడ్డలు మళ్లీ మళ్లీ లేస్తాయి, ఊపిరితిత్తుల్లో న్యుమోనియా వస్తుంది. చాలామందిలో దీనికి మూలం స్టాట్3 అనే జన్యువులో మార్పు అని 2007లో తెలిసింది. స్టాట్3 సరిగా లేకపోతే ఐఎల్-17 అనే సంకేత అణువును తయారుచేసే టీహెచ్17 కణాలు (ఒక రకం సీడీ4 టి కణాలు) పుట్టవు.

ఇక్కడొక చిక్కుంది. టీహెచ్17 కణాల లోపం ఒళ్లంతా ఉంది. రక్తంలో చూసినా లేవు, ఎక్కడ చూసినా లేవు. మరి స్టాఫిలోకాకస్ చర్మాన్నీ ఊపిరితిత్తుల్నీ మాత్రమే ఎందుకు ఎంచుకుంటుంది? 2009లో వచ్చిన జవాబు ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చినది. ఒంట్లోని చాలా రకాల కణాలు మామూలు మంట సంకేతాలు అందితే చాలు, న్యూట్రోఫిల్స్‌ను (క్రిముల్ని చంపే తెల్ల రక్తకణాల్ని) పిలిచే అణువుల్ని తయారుచేస్తాయి. చర్మపు పైపొర కణాలైన కెరటినోసైట్లకూ శ్వాసనాళపు లోపలి పొరలోని ఎపిథీలియల్ కణాలకూ అది చాలదు. మంట సంకేతాలతో పాటు టీహెచ్17 సంకేతాలూ కలిసి అందితేనే అవి సరిగా స్పందిస్తాయి. కాబట్టి టీహెచ్17 లేనప్పుడు దెబ్బతినేది ఆ రెండు చోట్లే.

అంటే తేడా టి కణంలోనే కాదు, దాని మాట వినే కణంలోనూ ఉంది. మన చర్చల్లో ఎక్కువగా తప్పిపోయేది ఇదే. టి కణం మీద ఉన్న గుర్తులు ఇరవై, ముప్పై రంగుల్లో కొలుస్తాం. ఆ టి కణం పక్కనే ఉండి దాని సంకేతాన్ని అందుకునే కెరటినోసైట్‌ను కొలిచేవారు అరుదు. బాక్టీరియాను చాలాసార్లు టి కణం నేరుగా చంపదు. ఇంకెవరితోనో చంపిస్తుంది. చర్మంలో న్యూట్రోఫిల్స్‌తో, క్షయలో మాక్రోఫేజ్‌తో, పేగులో ఎపిథీలియం వదిలే యాంటీమైక్రోబియల్ ప్రోటీన్లతో. పని చేసేవాళ్లు మారినప్పుడు సంకేతమూ మారాలి.

చర్మం నుంచే ఇంకో ఆధారం. చర్మాన్ని పట్టే ఒక రకం టి కణాల క్యాన్సర్‌కు అలెమ్‌టుజుమాబ్ అనే యాంటీబాడీ మందు వాడతారు. అది రక్తంలో తిరిగే టి కణాల్ని దాదాపు తుడిచిపెడుతుంది. అలాంటి రోగుల్ని పరిశీలించి 2012లో రాసిన పత్రంలో, రక్తంలో టి కణాలు లేకపోయినా చర్మంలో ఆరోగ్యకరమైన టి కణాలు మిగిలే ఉన్నాయని, వాళ్లకు అంటువ్యాధులు పెరగలేదని చూపారు. రక్తపరీక్ష కాగితం చూస్తే ఆ మనిషికి రోగనిరోధకతే లేదనుకోవాలి.

పేగులో లెక్క వేరు

పేగు గురించి ఎక్కువ రాయను, అది వేరే వ్యాసమంత. రెండు విషయాలు మాత్రం ఇక్కడికి సంబంధించినవి.

మొదటిది, టి కణం ఎక్కడికి పోవాలో దానికి లింఫ్ గ్రంథిలోనే నేర్పుతారు. పేగుకు అనుబంధమైన గ్రంథుల్లోని డెండ్రైటిక్ కణాలు (క్రిమి ముక్కల్ని టి కణాలకు చూపేవి) విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లం తయారుచేస్తాయి. అది తగిలిన టి కణం మీద ఆల్ఫా4బీటా7 ఇంటిగ్రిన్, సీసీఆర్9 అనే గుర్తులు మొలుస్తాయి. ఆ రెండూ పేగు నాళాల గోడను గుర్తుపడతాయి. చర్మం గ్రంథుల్లో మేలుకున్న కణాలకు సీఎల్‌ఏ, సీసీఆర్4 లాంటి వేరే గుర్తులు వస్తాయి. అంటే క్రిమి ఏ దారిన లోపలికి వచ్చిందో ఆ దారి టి కణాల గమ్యాన్ని నిర్ణయిస్తుంది.

దీని ఆచరణాత్మక ఫలితం లిస్టీరియా ప్రయోగాల్లో కనబడుతుంది. లిస్టీరియా అనే బాక్టీరియా మనకు తిండితో వస్తుంది. ప్రయోగశాలలో మాత్రం చాలాకాలంగా దాన్ని ఎలుక తోక సిరలోకి నేరుగా ఎక్కిస్తున్నారు. దానికొక కారణముంది. పేగు గోడలోకి చొరబడటానికి లిస్టీరియా వాడే ఇంటర్నలిన్ ఎ అనే ప్రోటీన్ మనిషి పేగు కణాల మీది ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, ఎలుకదాన్ని పట్టుకోలేదు. ఈ-క్యాడ్‌హెరిన్‌లో 16వ స్థానంలో మనకు ప్రోలిన్ ఉంటే ఎలుకకు గ్లుటామిక్ ఆమ్లం ఉండటమే అడ్డు. ఇంటర్నలిన్‌ను ఎలుకకు సరిపడేలా మార్చిన క్రిమిని నోటితో ఇచ్చి చూసినప్పుడు, పేగు గోడలో స్థిరపడిన సీడీ8 కణాల గుంపు గట్టిగా ఏర్పడింది. సిరలోకి ఎక్కిస్తే అది అలా ఏర్పడలేదు. సిర దారి వల్ల ప్లీహం, కాలేయాల గురించి మనకు అద్భుతంగా తెలిసింది. అదే లిస్టీరియా రోగనిరోధకత అని పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది.

రెండో విషయం, పేగులోనూ చర్మంలోనూ బాక్టీరియా కనిపించడం అంటే జబ్బు అని అర్థం కాదు. ఎలుక చిన్నపేగుకు అతుక్కుని ఉండే దారపుపోగుల్లాంటి బాక్టీరియా ఒకటి, ఏ హానీ చేయకుండానే అక్కడ టీహెచ్17 కణాల్ని పుట్టిస్తుంది. చర్మం మీది స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌ను గుర్తించే సీడీ8 కణాలు ఎలుకల్లో మంట లేకుండానే చేరి, గాయం మానడానికి సాయపడతాయి. క్రిమిని గుర్తించే టి కణాలు పెరిగాయి అనే మాట ఒక్కటే వింటే అది రక్షణో, సహజీవనమో, జబ్బో చెప్పలేం.

ఒక లోబ్‌కే పరిమితమైన జ్ఞాపకం

అవయవం పేరు చెప్పినా ఒక్కోసారి చాలదు. న్యూమోకాకస్ అనే బాక్టీరియా తెచ్చే న్యుమోనియా నుంచి కోలుకున్న ఎలుకల్ని 2018లో పరీక్షించారు. ముందు జబ్బు ఊపిరితిత్తుల్లో ఒకవైపు లోబ్‌కే (ఊపిరితిత్తిలోని ఒక భాగానికే) పరిమితమయ్యేలా చూశారు. తరవాత వేరే సీరోటైప్ (పైతొడుగు వేరైన రకం) న్యూమోకాకస్‌ను పట్టిస్తే, ముందు జబ్బుపడిన లోబ్‌లోనే రక్షణ కనిపించింది. స్థిరపడిన సీడీ4 కణాలు అక్కడే ఉన్నాయి. పక్క లోబ్‌లో అవి లేవు, రక్షణా లేదు. సీరోటైప్ మారినా రక్షణ ఉందంటే, ప్రధానంగా సీరోటైప్‌కు కట్టుబడే యాంటీబాడీల కంటే ఇది వేరే రకం జ్ఞాపకం. ఒకే గుండె నుంచి ఒకే రక్తం అందుకునే రెండు లోబ్‌ల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు, మోచేతి సిర నుంచి తీసిన 10 మిల్లీలీటర్లలో దేన్ని చూస్తాం?

కోరింత దగ్గు టీకా కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇప్పుడు చాలా దేశాల్లో వాడే, క్రిమిలోని కొన్ని ప్రోటీన్లతో చేసిన టీకా యాంటీబాడీలు బాగానే ఇస్తుంది, జబ్బును ఆపుతుంది. 2014లో బబూన్‌ల (ఒక రకం కోతుల) మీద చేసిన ప్రయోగంలో, ఆ టీకా పొందిన జంతువులకు దగ్గు రాలేదు గానీ క్రిమి శ్వాసనాళాల్లో పెరిగింది, పక్క జంతువులకూ అంటింది. ఒకసారి సహజంగా జబ్బుపడి కోలుకున్న బబూన్‌లలో క్రిమి నిలవలేదు. పూర్తి క్రిమితో చేసిన పాత టీకా పొందినవాటిలో అది త్వరగా పోయింది. ఎలుకల్లో చేసిన పని చూస్తే సహజ జబ్బు తరవాత శ్వాసనాళాల్లో ఐఎల్-17 ఇచ్చే కణాలు స్థిరపడతాయి, ప్రోటీన్ టీకా తరవాత అంతగా స్థిరపడవు.

రక్తం వైపు వాదన

నా వాదనకు వ్యతిరేకంగా చెప్పదగ్గ మంచి మాటలున్నాయి. హెచ్‌ఐవీలో రక్తంలోని సీడీ4 సంఖ్య మైక్రోలీటరుకు 200 కంటే పడిపోతే ఏ అంటువ్యాధుల భయముందో వైద్యులు నమ్మకంగా చెప్పగలరు. దశాబ్దాలుగా ప్రాణాలు కాపాడిన అంకె అది. క్షయ రక్తపరీక్ష కూడా తన పని తాను చేస్తుంది. క్రిమిని ఒంట్లోని టి కణాలు ఎప్పుడైనా చూశాయా అన్నది చెప్తుంది. ఆ ప్రశ్నకు రక్తం చాలు. చిక్కల్లా అదే రక్తాన్ని 'ఈ మనిషికి రక్షణ ఉందా' అని అడగడంతో వస్తుంది.

ఆ తేడా ఎంత ఖరీదైనదో 2013లో ఫలితాలు వచ్చిన ఎంవీఏ85ఏ అనే క్షయ టీకా చూపించింది. బీసీజీ వేసిన 2,797 మంది పసిపిల్లల మీద దక్షిణాఫ్రికాలో పరీక్షించారు. రక్తంలో ఆ టీకాకు స్పందించే సీడీ4 కణాలు పెరిగాయి. క్షయ నుంచి అదనపు రక్షణ మాత్రం రాలేదు. మోతాదు తక్కువైందా, ఒక్క యాంటిజెన్ (టి కణాలు గుర్తుపట్టే క్రిమి ప్రోటీన్) చాలలేదా, పసిపిల్లలు కావడం వల్లనా అని ఇంకా వాదించుకోవచ్చు. నేను అవన్నీ సాధ్యమేనంటాను. కానీ ఆ పిల్లల ఊపిరితిత్తుల్లో ఏం జరిగిందో చూడలేదు, చూడటం కుదరదు కూడా. కాబట్టి ఏది తప్పిందో ఆ పరీక్ష నుంచి నేర్చుకునే దారి మూసుకుపోయింది.

2020లో కోతుల మీద వచ్చిన ఫలితం పైపైన నాకు వ్యతిరేకంగా కనిపిస్తుంది. బీసీజీని చర్మంలోకి కాకుండా సిరలోకి ఎక్కించినప్పుడు 10 కోతుల్లో 9 గట్టి రక్షణ పొందాయి, 6 కోతుల్లో క్రిమి జాడే దొరకలేదు. గాలి ద్వారా నేరుగా ఊపిరితిత్తులకే ఇచ్చినవాటికి అంత రక్షణ రాలేదు. స్థలమే ముఖ్యమైతే గాలి దారే గెలవాలి కదా? లోపల చూస్తే సంగతి వేరుగా ఉంది. ఊపిరితిత్తుల కణజాలంలో విస్తారంగా టి కణాల్ని నింపింది సిర దారే. రక్తం ద్వారా వెళ్లిన క్రిమి ఊపిరితిత్తుల మూలమూలకూ చేరింది. కాబట్టి దారి పేరు చూసి గమ్యాన్ని ఊహించకూడదు, తీసి చూడాలి.

తీసి చూడటంలో నష్టపోయేవి

తీసి చూడటం అని తేలిగ్గా అన్నాను గానీ అసలు కష్టం అక్కడే. అవయవాన్ని చిన్న ముక్కలుగా కోసి, కొలాజినేజ్ ఎంజైమ్‌లో 37 డిగ్రీల దగ్గర 30 నుంచి 60 నిమిషాలు కదుపుతారు. చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్ఏ జిగురులా పట్టి కణాల్ని ముద్దచేస్తుంది కాబట్టి డీఎన్ఏజ్ కలుపుతారు. తక్కువసేపు ఉంచితే గట్టిగా అతుక్కున్న కణాలు రావు. ఎక్కువసేపు ఉంచితే కణం మీది గుర్తులు తెగిపోయి, ఉన్న కణమే లేనట్టు కనిపిస్తుంది. ఎంజైమ్ ఒక్కో బ్యాచ్‌కు బలం మారుతుంది, కొత్త బ్యాచ్ తెచ్చినప్పుడల్లా సమయం మళ్లీ తేల్చుకోవాలి. పేగులో అయితే ముందు పేగు గోడలోని లింఫ్ కణాల గుత్తులైన పేయర్స్ ప్యాచ్‌లు కోసి తీసేయాలి, లేకపోతే అందులోని లింఫాయిడ్ కణాలు గోడలోని కణాలుగా లెక్కకొస్తాయి. తరవాత ఈడీటీఏ అనే రసాయనంతో ఎపిథీలియం పొరను విడదీసి, ఆపైన మాత్రమే లోపలి పొరను ఎంజైమ్‌లో వేయాలి.

ఇవన్నీ సరిగా చేసినా, స్థిరపడిన కణాలే ఎక్కువగా చస్తాయి. కణజాలం నలిగినప్పుడు కణాల్లోని ఏటీపీ, ఎన్ఏడీ అనే అణువులు బయటికొస్తాయి. ఈ కణాల మీద పీ2ఎక్స్7 అనే గ్రాహకం ఎక్కువ. ఎలుకల్లో ఎన్ఏడీ దాన్ని తెరిచి వాటిని చంపుతుంది. అందుకే ఎలుకను చంపే ముందే ఆ దారిని అడ్డుకునే నానోబాడీని (బాగా చిన్న యాంటీబాడీని) ఎక్కించడం ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో అలవాటు. 2015లో మైక్రోస్కోప్ కింద కోతల్లో ఒక్కో కణాన్ని లెక్కపెట్టి, ఎంజైమ్ పద్ధతిలో వచ్చిన లెక్కతో పోల్చినప్పుడు, కొన్ని అవయవాల్లో ఎంజైమ్ పద్ధతి పదుల రెట్లు తక్కువ చూపిస్తోందని తేలింది. కాబట్టి 'కాలేయంలో ఇన్ని, ఊపిరితిత్తుల్లో ఇన్ని' అని పక్కపక్కన పెట్టిన పట్టీల్లో, తేడాలో కొంత జీవశాస్త్రం, కొంత ఎంజైమ్. నా వైపు వాదనకు బలమిచ్చే పత్రాల్ని కూడా నేను ఈ అనుమానంతోనే చదువుతాను.

మనుషుల్లో ఊపిరితిత్తుల్ని చూడాలంటే దొరికే దారుల్లో ఒకటి బ్రాంకోస్కోప్‌తో (శ్వాసనాళంలోకి దింపే సన్నని గొట్టంతో) ఉప్పునీరు పంపి వెనక్కి లాగడం. 100 నుంచి 300 మిల్లీలీటర్లు పంపితే అందులో కొంతే తిరిగొస్తుంది. పొగతాగని ఆరోగ్యవంతుల్లో అలా వచ్చిన కణాల్లో 85 శాతం దాకా మాక్రోఫేజ్‌లే, లింఫోసైట్లు 10, 15 శాతం. వాటిలో ఒక్క క్రిమిని గుర్తించే టి కణాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగులుతాయి. పైగా అవి గాలి ఉన్న వైపు తేలే కణాలు, గోడ లోపలివి కావు. అవయవదానం చేసినవారి ఊపిరితిత్తుల నుంచి గోడ లోపలి కణాలు దొరుకుతాయి గానీ ఆ మనిషికి ముందు ఏ జబ్బులొచ్చాయో, ఎప్పుడొచ్చాయో సరిగా తెలియదు, అదే మనిషిని రెండోసారి చూడటమూ ఉండదు.

అయినా టీకా పరీక్షల్లో వేలమందిలో కొద్దిమందినైనా, వాళ్లు ఇష్టపడి ఒప్పుకుంటే, టీకాకు ముందూ తరవాతా ఇలా కడిగి చూడాలనే నేనంటాను. ముక్కుకు సంబంధించిన క్రిమి అయితే ముక్కు లోపలి గోడను మెత్తగా గీకి తీసిన కణాలు, లింఫ్ గ్రంథి అయితే సన్నని సూదితో లాగిన కణాలు. సంఖ్యలు తక్కువే వస్తాయి. ఆ తక్కువ సంఖ్యల పక్కన అదే రోజు తీసిన రక్తం లెక్కను కూడా అచ్చువేస్తే, ఏ క్రిమి విషయంలో రక్తం అవయవాన్ని సరిగా ప్రతిబింబిస్తోందో, ఎక్కడ ప్రతిబింబించడం లేదో ఒక్కొక్కటిగా తేలుతుంది.